నీళ్ళలో కొర్రలు

“రావమ్మా వియ్యపురాలా! నీళ్ళు చల్లారవు గానీ నేనిక్కడ ఉడికి ముద్దయిపోయేలా ఉన్నాను” అని లోపలి నుంచి మఖ్వాలా ముసలమ్మ అరుస్తోంది. ఆ గొంతు గుమ్మటానికి తగిలి రెండింతలై నా మీదికి వస్తోంది. నేనేమో ఈ బయటి గదిలో చెక్కబల్ల మీద కూర్చుని, ఒక మేజోడు విప్పి, రెండోదాన్ని సగం జార్చి, అక్కడే ఆగిపోయాను. వస్తున్నా పెద్దమ్మగారూ, వచ్చేస్తున్నా, ఈ మోకాళ్ళు వంగి చావడం లేదు, అని మళ్ళీ మళ్ళీ అంటున్నాను. మోకాళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. రోగం వేరేచోట ఉండేది, ఇప్పుడు ఉందనడానికీ లేదు, పోయిన శీతాకాలంలో కోసి తీసేశారు. ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట అడ్డంగా ఒక గీత, దాని మీద నేను కుట్టుకున్న గుడ్డసంచి, సంచిలో కొర్రలు. ఈ తిబిలిసీ ఊళ్ళో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. నా కొడుకు తోర్నికేకి తెలియదు. లోపల నీళ్ళలో కూర్చున్న పిల్ల నుత్సా, ద్రాక్ష కోతలు కాగానే నాకు కోడలు కావలసిన పిల్ల, దానికీ తెలియదు. దాని నాయనమ్మ ఈ మఖ్వాలాకి తెలిసిందో, ఇక పెళ్ళి మాట ఎత్తక్కర్లేదు. గదిని గంటసేపటికి మాట్లాడుకున్నాం, అందులో ఎంత అయిపోయిందో చెప్పడానికి ఇక్కడ గడియారం కూడా లేదు, గంధకం వాసన ఒక్కటే ఉంది. పై ఊళ్ళవాళ్ళు కుళ్ళిన గుడ్ల కంపని ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఇది నా పెళ్ళినాటి వాసన.

తప్పంతా తోర్నికేది. వాడిదని ఎలా అంటాను, నోట్లో నువ్వుగింజ నానని మొద్దు వెధవ, అంతే. మా ఇంట్లో ఒక పద్ధతుంది, పెళ్ళికి ముందు అత్తగారు కోడల్ని వేడినీళ్ళ స్నానాలకి తీసుకెళ్ళి కాలిగోరు నుంచి నడినెత్తి దాకా చూస్తుంది, నువ్వు గోళ్ళు కొరకడం మానెయ్, మా అమ్మ పట్టేస్తుంది, అని ఆ పిల్లని ఆటపట్టించాడట. ఒకప్పుడు ఈ ఊళ్ళో కొడుకులున్న తల్లులందరూ చేసిన పనే. బట్టల చాటున ఏమున్నా నీళ్ళ దగ్గర దాగదని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు ఎవరూ చెయ్యరు, మా అత్తవారింట్లో తప్ప. నుత్సా ఆ మాట తీసుకెళ్ళి నాయనమ్మ చెవిలో వేసింది. నాయనమ్మ సిఘ్నాఘీ కొండ మీద తన ఇంట్లో కూర్చుని వేసవంతా ఎదురుచూసింది. నేను పిల్లని కాఫీకి తీసుకెళ్ళాను, నాటకానికి తీసుకెళ్ళాను, చెవులకి పోగులు కొనిపెట్టాను, జున్నురొట్టె చేసి పెట్టి పక్కన కూర్చుని తినిపించాను, స్నానాలకి మాత్రం తీసుకెళ్ళలేదు. ఒకసారి జలుబన్నాను, ఒకసారి నడుమన్నాను. వంతెన దాటుతున్నప్పుడల్లా ఆ పిల్ల ఇటువైపు గుమ్మటాల కేసి చూసేది, తర్వాత నా కేసి చూసేది, నేను కొండ మీద చర్చిని చూసేదాన్ని, ఎన్నడూ చూడనట్టు. అలా చూసి చూసి దాని ముఖం చిన్నబోయింది. మా పిల్లలో ఏదో లోపం పట్టావు, అందుకే పిలవడం లేదు, అని ముసలమ్మ మొన్న ఫోన్‌లోనే కడిగేసింది. మీరు పిలవకపోతే మేమే పిలుస్తాం, గది మాట్లాడించాను, నువ్వు మా పిల్లని చూసుకో, నేను నిన్ను చూసుకుంటాను, పైకొచ్చాక అవునో కాదో చెప్తాను. నా నోట్లో రొట్టెముక్క ఉంది, మింగలేక, కక్కలేక, అలాగే పెద్దమ్మగారూ అన్నాను.

ఇదే గది అయ్యుంటుందా? మూల పలక పగిలి ఉంది, అప్పుడూ ఒకటి పగిలే ఉండేది, అన్ని గదుల్లోనూ ఏదో ఒక పలక పగిలే ఉంటుందేమో. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మా ఆయన ఓతార్ వాళ్ళమ్మ వార్వారా ఒక పళ్ళెం నిండా బేరిపళ్ళు పెట్టుకుని గట్టు మీద కూర్చుంది, తొక్క తీస్తూ నన్ను చూస్తోంది. అటు నడు పిల్లా, ఇటు నడు, ఆ చెంబు అందుకో, ఎత్తుగా ఎత్తు. కుంటుతానేమో అని. చేతులెత్తితే చంకలో గడ్డలున్నాయేమో అని. నవ్వించి నవ్వించి పళ్ళు చూసింది, గుర్రాల సంతలో మా తాత చూసినట్టే. నాకు సిగ్గు కంటే కోపం ఎక్కువ వచ్చింది, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెంబులోని వేడినీళ్ళు నెత్తిన గుమ్మరించుకున్నాను. చివర్లో దగ్గరికి పిలిచి, నా ఎడమ రొమ్ము కింద అరచెయ్యి పెట్టి, బజార్లో ఖర్బూజా తూచినట్టు తూచి, ఒళ్ళు రుద్దే ఆవిడతో అంది: “ఈ పిల్ల బిడ్డలకి పాలకి కొదవుండదు.” అంతే, పెళ్ళి ఖాయమైపోయింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎడమదే తూచిందా, కుడిదా? ఎడమదే. తోర్నికే కూడా పుట్టాక కుడివైపు పెడితే ఏడ్చి గోల చేసి ఎడమవైపే కావాలనేవాడు, దొంగ వెధవ. వార్వారా ఇప్పుడుండి చెయ్యి పెడితే ఏం తూస్తుంది, అరకిలో కొర్రలు.

నవ్వొస్తోంది, నవ్వితే లోపలికి వినిపిస్తుంది. రెండో మేజోడు విప్పాను. గౌను బొత్తాలు పైనుంచి మొదలుపెట్టాను, మళ్ళీ కిందనుంచి మొదలుపెట్టాను. నేను నాటకశాలలో బట్టలు కుట్టినదాన్ని. సన్నటి పిల్లలకి నిండైన ఎదలు కుట్టాను, బక్కచిక్కిన రాజులకి బొజ్జలు కుట్టాను, గూని వేషాలకి గూనులు కుట్టాను, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా కనిపెట్టలేదు ఏనాడూ. అందుకే నా సంగతి నేనే చూసుకోగలననుకున్నాను. మొదట దూది పెట్టాను, బరువు లేక భుజం ఒకవైపు ఎగదన్నింది. స్పాంజి పెట్టాను, అద్దంలో బాగుంది, నడిస్తే పైకి పాకింది. మందుల షాపులో తయారుగా దొరుకుతాయి, కానీ మా వీధి షాపులో అమ్మే పిల్ల తల్లి నాతో రోజూ కాఫీ తాగుతుంది. చివరికి పిట్టల మేత అమ్మేవాడి దగ్గర పొట్టు తియ్యని కొర్రలు కొన్నాను. కొర్రలు మెత్తగా ఒదుగుతాయి, ఒంటి వేడికి వెచ్చబడతాయి, పడుకుంటే పక్కకి జారతాయి, నిజందానిలాగే. కుట్టుకున్న రోజు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాను, తర్వాత దాని కుట్టు వంకరగా వచ్చిందని విప్పి మళ్ళీ కుట్టాను. నిన్న రాత్రి ఆ సంచిని ఈత బట్టల్లోపల ఎడమవైపు టాకా వేసుకున్నాను. ఆ ఈత బట్టలు కూడా కొత్తవే, మెడ దాకా మూసుకునేవి, ముసలివాళ్ళకనే చేస్తారు. ఒకటే ఆలోచించలేదు. రంగస్థలం మీద ఎప్పుడూ ఎవరూ వేడినీళ్ళలో కూర్చోలేదు.

“అత్తయ్యా, లోపలికి రానా? సాయం కావాలా?” అది నుత్సా గొంతు. వద్దమ్మా, వద్దు, వచ్చేశాను, అని దాదాపు అరిచాను. పాపం ఆ పిల్ల గొంతులో కూడా భయమే. దాని భయం ఒకటి, నా భయం ఒకటి, మధ్యలో ఒక తలుపు. తనలో లోపం వెతకడానికి వస్తున్నానని అది అనుకుంటోంది. నీలో ఏం వెతుకుతానే పిచ్చిమొహమా, వేసవంతా నీ పక్కన కూర్చుని నువ్వు నవ్వితే బాగుండని చూసినదాన్ని.

ఓతార్‌కి ఇదే రోగం ఊపిరితిత్తుల్లో వచ్చింది. తోర్నికే అప్పుడు కొండల్లో సొరంగాలు తవ్వించే పనిలో కొత్తగా చేరాడు. వదిలేసి వచ్చాడు. వెళ్ళు నాన్నా, నేనున్నాను కదా, అని ఎంత చెప్పినా వినలేదు, తండ్రి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఆ ఏడాదంతా కుర్చీలోనే. అప్పుడొక పిల్ల ఉండేది వాడికి, మంచి పిల్ల, వసంతంలో పెళ్ళన్నారు, వసంతం కాదు నాన్నకి బాలేదు శరదృతువులో అన్నాడు, శరదృతువు వచ్చేసరికి తండ్రి పోయాడు, ఏడాది దాకా వద్దన్నాడు, ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల ఒక పళ్ళ డాక్టరుని చేసుకుంది. వాడు ఒక్కమాట అనలేదు. ఆ కుర్చీని మాత్రం వంటింటి వెనక్కి తీసుకెళ్ళి విరగ్గొట్టాడు, చలికాలానికి కట్టెలు కావాలిగా అన్నాడు. అందుకే, ఇస్త్రీ చేస్తూ చేస్తూ చెయ్యి తగిలి నాకు గడ్డ దొరికిన రోజున, మొదట వచ్చిన ఆలోచన చావు గురించి కాదు, ఆ కుర్చీ గురించి. వీడు మళ్ళీ ఆగిపోతాడు. పెళ్ళి ఆపేస్తాడు, ఉద్యోగం వదిలేస్తాడు, నా పక్కన కూర్చుంటాడు, నుత్సా ఎంతకాలమని ఎదురుచూస్తుంది. కుతాయిసీలో మా పినతల్లి కూతురు జూజునా కాలు విరిగింది, చూసుకోవాలి, అని చెప్పి వెళ్ళిపోయాను. ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోన్ చేసేదాన్ని, జూజునా కాలు ఇంకా అతకలేదురా, కట్టు మార్చారురా, కర్రతో నడుస్తోందిరా. నా కుట్లు మానేకొద్దీ జూజునా కాలు కూడా మానింది. మందులకి జుట్టు ఊడకపోవడం ఒక్కటే దేవుడు నాకు చేసిన సాయం. ఇప్పుడంతా శుభ్రంగా ఉంది, మధ్యమధ్య వచ్చి చూపించుకోండి చాలన్నారు. పెళ్ళయ్యాక చెప్పొచ్చు. మనవడు పుట్టాక చెప్పొచ్చు. చెప్పకపోయినా చెప్పొచ్చు. ఈ ఒక్క గంట గడిస్తే చాలు.

తలుపు తోశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. గుమ్మటం పైన కంతలోంచి ఎండ ఒక పట్టీలా పడుతోంది, దాని కిందే మఖ్వాలా నీళ్ళలో భుజాల దాకా మునిగి, తెల్లజుట్టు నెత్తి మీద ముడేసుకుని, మహారాణిలా కూర్చుంది. పక్కన నుత్సా మోకాళ్ళు ముడుచుకుని, చేతులతో తనను తాను పట్టుకుని ఉంది. ముసలమ్మ కళ్ళకి పొరలొచ్చాయి, మనుషులు ఆమెకి మసకగా కదిలే ఆకారాలే, కానీ రంగులు తెలుస్తాయి. నన్ను చూసి కళ్ళు చికిలించింది. “ఇదేమిటే నుత్సా, నల్లగా ఏదో వస్తోంది? బట్టలేసుకుందా? ఏమమ్మా వియ్యపురాలా, బతూమీ సముద్రానికి వచ్చాననుకున్నావా? పడవ ఎక్కడ కట్టేశావు?” అని తనే పడీ పడీ నవ్వింది. నాకు చలి పడదు పెద్దమ్మగారూ, అన్నాను. నేలమీద గుడ్డు పెడితే ఉడికే గదిలో చలేమిటి. నుత్సా తల దించుకుంది. నాకు అర్థమైంది, నేను దాని ఎదుట విప్పడానికి ఇష్టపడలేదని, తనని ఇంటిమనిషి అనుకోలేదని బాధపడుతోంది. ఏం చెయ్యను, ఒక్కొక్క మెట్టే దిగాను, నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుం దాకా వచ్చాయి, అక్కడ ఆగాను. కూర్చో కూర్చో అంది ముసలమ్మ. కూర్చున్నాను. సంచి ఒక్కసారిగా నీళ్ళు తాగింది. బరువెక్కుతోంది, నాకు తెలుస్తోంది, ఎడమ పట్టీ భుజం కోస్తోంది. గింజలు ఉబ్బుతాయా? ఎంతసేపట్లో ఉబ్బుతాయి? ఇంటిదగ్గర నానబెట్టి చూసుకోవాలని నాకెందుకు తోచలేదు, పప్పు వండేముందు కూడా నానబెట్టి చూసే దాన్ని.

“మా పిల్లని చూసుకో మరి” అంది మఖ్వాలా. “లేవే. తిరిగి చూపించు.” నుత్సా లేవబోయింది, ముఖం ఎర్రగా, పెదవి కొరుక్కుంటూ. వద్దు, కూర్చోమ్మా, నాకు చూడక్కర్లేదు, ముఖం చూశాను, చాలదా, అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పంతొమ్మిదేళ్ళనాటి చెంబు నీళ్ళు ఇప్పుడు నెత్తిన పడ్డట్టయింది. ముసలమ్మ పొరల కళ్ళు నా వైపు తిప్పింది. మంచి మాటన్నాననుకుందో, తప్పించుకున్నాననుకుందో. తర్వాత నెమ్మదిగా, ఉల్లిపాయ ఒలిచినట్టు మొదలుపెట్టింది. మీ ఆయన దేనితో పోయాడు? ఊపిరితిత్తులు. పొగ తాగేవాడా? తాగేవాడు. మీ అత్తగారు? ముసలితనం. మీ అమ్మ? గుండె. నీకేమీ లేవు కదా? ఏమీ లేవు పెద్దమ్మగారూ. మా ఇంట్లో మా చెల్లెలి కూతుర్ని ఒక ఇంటికిచ్చాం, ఏడాదిలో తెలిసింది వాళ్ళ రక్తంలోనే ఏదో ఉందని, తల్లికీ కూతురికీ అందరికీ, దాచి పెళ్ళి చేశారు, నేనెళ్ళి ఆ గుమ్మంలో నిలబడి మన్ను పోశాను తెలుసా, అంది. నీళ్ళు వేడిగా ఉన్నాయి, నా చేతులు చల్లగా ఉన్నాయి. నుత్సా, నాయనమ్మా ఇంక చాల్లే, అని గొణిగింది.

“నువ్వుండు. ఇలా తిరుగమ్మా, నీ వీపు నేనే రుద్దుతాను, డబ్బులిచ్చి ఇంకొకర్ని పిలవడం ఎందుకు?” అని ముసలమ్మ గరుకు తొడుగు చేతికి వేసుకుని నీళ్ళలోనే నా వెనక్కి వచ్చింది. అక్కర్లేదన్నాను. వినదు. ఈ ఊళ్ళో వీపు రుద్దుతానంటే వద్దనడం ముఖం మీద తలుపెయ్యడం లాంటిది. రుద్దడం మొదలుపెట్టింది, ఎనభై ఏళ్ళ చెయ్యి కాదది, ఏనాడో ద్రాక్షతోటలో దుక్కిదున్నిన చెయ్యి. మెడ రుద్దింది, వెన్ను రుద్దింది, ఈ పట్టీ అడ్డమొస్తోంది తియ్యి అంది. అలాగే రుద్దండి పెద్దమ్మగారూ, అన్నాను, ఎడంచెయ్యి ఎదకి అదిమిపెట్టి. “ఏం, అత్తవారింట్లో నగలు దాచుకున్నావా అందులో?” అని తొడుగు వేసిన చేత్తో పట్టీ పట్టుకుని, నేను నీళ్ళలో పక్కకి తప్పుకునేలోపు, ఒక్క గుంజు గుంజింది. నా కుట్టు నాకు తెలుసు. పొడి కుట్టు, ఒంటిపేట దారం, టాకా మీద టాకా. పుటుక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపించింది. ఎదమీద బరువంతా ఒక్కసారి తేలికైపోయింది.

కొర్రలు బయటికి వస్తున్నాయి. కొన్ని మునుగుతున్నాయి, పొల్లు గింజలు తేలుతున్నాయి, పసుపుపచ్చగా, ఆ ఎండపట్టీలోకి వచ్చి తిరుగుతున్నాయి, నేను అరచేత్తో మూస్తే వేళ్ళ సందుల్లోంచి కూడా వస్తున్నాయి, వస్తూనే ఉన్నాయి, అరకిలోలో ఇన్ని గింజలుంటాయా. అయిపోయింది. తోర్నికే, అయిపోయిందిరా, మీ అమ్మ నీ పెళ్ళిని నీళ్ళలో పోసింది. నుత్సా గింజల్ని చూస్తోంది, ముందు అర్థంకాక, తర్వాత గింజలు ఎక్కడినుంచి వస్తున్నాయో వెనక్కి వెతుక్కుంటూ నా దాకా వచ్చింది దాని చూపు. పట్టీ జారిన చోట గీత మొదలు కనిపిస్తోంది, ఆ కిందంతా ఒట్టి గుడ్డ నీళ్ళలో ఊగుతోంది. నేను దాని కళ్ళలోకి చూశాను. దాచడానికి నాకిక చేతులు చాలలేదు.

“ఏమిటిది, ఏవో గుచ్చుకుంటున్నాయి?” అంది మఖ్వాలా. తొడుగు తీసి, దానికంటుకున్న గింజల్ని వేళ్ళతో నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, నాలుక మీద వేసుకుంది. “కొర్రలు” అంది. ఇంకో నాలుగు గింజలు ఏరి నమిలింది. “కొర్రలు తెచ్చిందే ఇది! నుత్సా, చూశావా, మీ అత్త కొర్రలు తెచ్చింది!” ముసలమ్మ నా భుజం పట్టుకుని ఊపింది. “మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఇలాగే నెత్తిన గింజలు పోసి లోపలికి పిలిచిందట. ఇప్పుడెవరికి గుర్తున్నాయి ఇవన్నీ! అందుకా బట్టలిప్పలేదు, దొంగా, ఒంటి మీద దాచి తెచ్చావా! నీళ్ళలో పొయ్యడం మాత్రం నేనెక్కడా వినలేదు. పట్నం పద్ధతా?” అవును, అంది నా నోరు. ఆ మాట నేను అనలేదు, నోరు అంది. పట్నం పద్ధతే పెద్దమ్మగారూ. నేను పిలవలేదని మీరు బాధపడుతున్నారు, నేనేమో ఇవి కూర్చుకుంటున్నాను, అని నోరు ఇంకా అల్లుకుపోతోంది, నాటకశాలలో ఇన్నేళ్ళున్న పాపం ఊరికే పోతుందా. నుత్సా నా మీంచి కళ్ళు తియ్యకుండా అంది: “అవును నాయనమ్మా. అత్తయ్య నాతో ముందే చెప్పింది.” ఆ పిల్ల అబద్ధం చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. అబద్ధం చెప్పడం రాదని గొంతులోనే తెలిసిపోతోంది. కానీ ముసలమ్మ వినే స్థితిలో లేదు, దోసిట్లో నీళ్ళూ గింజలూ కలిపి ఎత్తి ముందు దాని నెత్తిన పోసింది, తర్వాత నా నెత్తిన పోసింది, మా ఇద్దరి తలలూ దగ్గరికి లాగి రెంటినీ ముద్దుపెట్టుకుంది, ఏడుస్తోంది, నవ్వుతోంది. “ఇచ్చాను. నా పిల్లని నీకిచ్చాను. నేనేమేమో అనుకున్నాను, నా నోరు పడిపోను.” గెలిచాను. ఇంత తేలికగా గెలుస్తానని అనుకోలేదు. గెలిచాక నుత్సా ముఖం చూడలేనని కూడా అనుకోలేదు.

బయట తలుపు కొట్టారు, గది వేళ అయిపోయిందని. నుత్సా తువ్వాలు నా భుజాల మీద ముందుగా తనే కప్పి, ఎదదాకా లాగి, నన్ను బయటి గదిలోకి నడిపించింది. ముసలమ్మని దుప్పట్లో చుట్టి బల్ల మీద కూర్చోబెట్టి చేతికి ఆకుపచ్చ షోడా సీసా ఇచ్చింది. ముసలమ్మ గోడకి ఆనుకుని తాగుతూ, ఏదో పాత పాట రాగం తీస్తూ, మధ్యమధ్య కొర్రలు కొర్రలు అనుకుంటోంది. మేమిద్దరం మూలకి తిరిగి బట్టలేసుకుంటున్నాం. “ఎప్పుడు అత్తయ్యా?” అంది, పెదవులు కదలకుండా. శీతాకాలంలో. “కుతాయిసీలోనా?” తల ఊపాను. తెలివైన పిల్ల, జూజునా కాలి సంగతి కూడా అల్లుకుపోయింది. “ఇప్పుడు...?” ఇప్పుడేమీ లేదు, శుభ్రంగా ఉందన్నారు, ఒట్టు. “తోర్నికేకి?” తెలియదు. తెలిస్తే పెళ్ళి ఆపేస్తాడమ్మా, ఆ కుర్చీ సంగతి నీకు చెప్పాడా? చెప్పాడని కళ్ళతోనే అంది. తర్వాత తన మెడకున్న ఊలు రుమాలు విప్పి, చిన్న ఉండగా చుట్టి, నా గౌను లోపల ఎడమవైపు పెట్టింది, పైనుంచి వేళ్ళతో సవరించింది, నేను నాటకాల పిల్లలకి సవరించినట్టే. “బయట తోర్నికే ఉన్నాడు” అంది. “నేనూ చెప్పను అత్తయ్యా. ఎప్పటికీ చెప్పను.” అలా అంటూ ముఖం మీద ఒక నవ్వు అతికించుకుంది.

ఆ ముఖం నాకు తెలుసు. ఆసుపత్రి మంచం మీద ఫోన్ పట్టుకుని జూజునా కాలు ఇంకా అతకలేదురా అంటున్నప్పుడు, ఎదురుగా కిటికీ అద్దంలో నాకు కనిపించిన ముఖం అదే. నాకైతే యాభై ఎనిమిదేళ్ళు, నేనెలాగో మోశాను. ఇది ఇరవై ఆరేళ్ళ పిల్ల. కాపురంలో అడుగు పెట్టకుండానే మొగుడి దగ్గర దాచడానికి ఒకటి దీని నెత్తిన పెట్టాను, గింజలతో పాటు. రేపు వాడు, మా అమ్మ ఈమధ్య ఎందుకో ఒకవైపు పడుకోవడం లేదు, అంటే ఇది ఏం చెప్తుంది? ఎల్లుండి నేను కుతాయిసీ వెళ్ళాలంటే ఎవరి కాలు విరగ్గొడుతుంది? వార్వారా నన్ను ఖర్బూజాలా తూచింది గానీ, ఇంత బరువు ఎత్తించలేదు. వాడు ఆగిపోతాడనే భయం అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. అయినా చెయ్యి గౌనులోకి పోయింది. రుమాలు తీసి, విప్పి, దులిపి, నుత్సా మెడకి కట్టాను. తడి జుట్టుతో బయటికి వెళ్తున్నావు, గొంతు పట్టేస్తుంది, అన్నాను. అది నన్నే చూస్తూ నిలబడింది. దాని చెవి వెనకాల ఒక కొర్రగింజ అంటుకుని ఉంది, తియ్యలేదు, ఉండనీ అనుకున్నాను.

మెట్లెక్కి వీధిలోకి వచ్చేసరికి కళ్ళు చెదిరే ఎండ. నేలలోంచి ఉబికిన ఇటుక గుమ్మటాలు ఆవిర్లు కక్కుతున్నాయి, వాటి పక్కన గోడ మీద కూర్చుని తోర్నికే ద్రాక్షరసంలో ముంచిన అక్రోటు దండ తింటున్నాడు, దారం ఒక్కటే మిగిలింది. మమ్మల్ని చూసి దూకాడు. “ఏమ్మా, పాసయిందా?” అని పెద్దగా నవ్వాడు. మఖ్వాలా నా వెనకనుంచే కేకేసింది: “మేమందరం పాసేరా అబ్బాయ్! మీ అమ్మ ఏం చేసిందో తెలుసా, ఒంటి మీద కొర్రలు దాచి తెచ్చి నీళ్ళలో పోసింది! ఇలాంటి అత్తగారు ఏ ఊళ్ళోనూ ఉండదు!” కొర్రలా, అన్నాడు వాడు. నేను కోటు వేసుకోలేదు, మడిచి కుడిచేతి మీద వేసుకున్నాను. చేతులు అడ్డం పెట్టుకోకుండా వాడి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. వాడి చూపు నా తడి జుట్టులోని గింజల మీంచి ముఖం మీదికి, ముఖం మీంచి కిందికి దిగింది, దిగి ఎడమవైపు ఆగింది. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, దాన్ని తియ్యడం మరిచిపోయాడు.

“జూజునా పిన్ని కాలు...” అన్నాడు.

“జూజునా కాలికేం కాలేదురా. గుర్రంలా తిరుగుతోంది” అన్నాను. “అన్నీ చెప్తాను, ఒక్కటి కూడా దాచను. ముందు పెళ్ళిరోజు మార్చనని నాకు మాటివ్వు. తర్వాత ఏమైనా అడుగు.”

ఎడమచెయ్యి చాపాను. వాడు కదల్లేదు. వాడి చేతిలో ఇంకా అక్రోటు దారం వేలాడుతోంది, కళ్ళు నా మీంచి కదలడం లేదు, ఆ కుర్చీ మళ్ళీ వాడి కళ్ళలోకి వస్తోంది, నాకు కనిపిస్తోంది. ఏమిటే, ఏమంటున్నారు వాళ్ళు, అని వెనక మఖ్వాలా అడుగుతోంది. నా చాపిన చెయ్యి అలాగే ఉంది, నొప్పెడుతోంది, ఆ వైపు చెయ్యి ఎక్కువసేపు ఎత్తి ఉంచలేను. అప్పుడు నుత్సా నాయనమ్మ భుజం వదిలి ముందుకొచ్చింది. వాడి వేళ్ళ మధ్య నుంచి ఆ దారం లాగేసి, వాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, నా చేతిలో పెట్టింది.